పతాకశీర్షికల నీడలో: రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ క్షీణత - జర్మన్ పత్రికలు, సాహిత్య సాక్ష్యం

వ్యాససంగ్రహం

పశ్చిమ జర్మనీలో 1970లో ఏర్పడిన సాయుధ వామపక్ష బృందం రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ 1998లో తనను తానే రద్దు చేసుకొంది. ఆ బృందం క్షీణతను పోలీసు చర్యల ఫలితంగా వివరించిన రచనలు చాలా ఉన్నాయి. ఆ క్షీణతకు, పత్రికల భాషకు గల సంబంధాన్ని హైన్రిష్ బోల్ నవలిక ఆధారంగానూ, ఆ కాలం గురించి వచ్చిన చలనచిత్రాలు, చిత్రాలు, స్మృతి రచనల ఆధారంగానూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పత్రికలను శత్రువుగా ప్రకటించిన బృందం తన ఉనికికి పత్రికల మీదనే ఆధారపడిందనీ, పత్రికలు దానికి లేని పరిమాణాన్ని ఇచ్చాయనీ, ఈ రెంటి మధ్య హతుల కథ మరుగున పడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్, హైన్రిష్ బోల్, ఉల్రికె మైన్‌హోఫ్, పత్రికాభాష, హింస, స్మృతి సాహిత్యం.

ప్రస్తావన

1970 మే 14న పశ్చిమ బెర్లిన్‌లోని ఒక గ్రంథాలయంలో కాల్పులు జరిగాయి. దుకాణాల దహనం కేసులో శిక్ష పడిన ఆండ్రియాస్ బాడర్‌ను అక్కడి నుండి సాయుధులు విడిపించుకుపోయారు. ఆ సంఘటనలో ఒక గ్రంథాలయ ఉద్యోగి తీవ్రంగా గాయపడ్డాడు. బాడర్‌తో పాటు కిటికీలోంచి దూకి అజ్ఞాతంలోకి వెళ్లిన వారిలో ఉల్రికె మైన్‌హోఫ్ ఒకరు. ఆమె అప్పటికే పేరున్న పత్రికారచయిత్రి. 'కొన్‌క్రెట్' అనే వామపక్ష పత్రికలో ఆమె రాసిన వ్యాసాలను, ఆమెతో ఏకీభవించని వారు సైతం చదివేవారు. బాలికల సంరక్షణాలయాల దుస్థితిపై ఆమె రచించిన 'బాంబులె' అనే టెలివిజన్ నాటకం అదే నెల 24న ప్రసారం కావలసి ఉంది. మే 14 సంఘటనతో ఆ ప్రసారం రద్దయింది. అది ప్రేక్షకులకు చేరింది 1994లో మాత్రమే.

ఈ రద్దు చరిత్ర గ్రంథాలలో చిన్న విషయంగా కనిపిస్తుంది. సాహిత్య విద్యార్థికి మాత్రం ఇదే మొదటి ప్రశ్న కావాలి. మాటను వృత్తిగా గల వ్యక్తి ఆయుధం పట్టిన నెలలోనే ఆమె మాట ఆగిపోయింది. సంరక్షణాలయాల బాలికల కథ వినవలసిన ప్రేక్షకులు దానికి మారుగా ఆమె ముఖాన్ని పోలీసు గోడపత్రాలపై చూశారు. ఆ బృందం తర్వాత గడిపిన ఇరవై ఎనిమిదేళ్ల చరిత్రలోని వైరుధ్యమంతా ఈ ఒక్క మార్పులో బీజరూపంలో ఉంది.

1. పేరు - పరిమాణం

ఆ బృందానికి రెండు పేర్లున్నాయి. తనకు తాను పెట్టుకొన్న పేరు రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్. 'ఫ్యాక్షన్' అంటే ఒక పెద్ద సముదాయంలోని భాగం. కొన్ని పదులకు మించని సభ్యులు తమను ప్రపంచవ్యాప్త సైన్యంలో భాగంగా చెప్పుకొన్నారు. పత్రికలు పెట్టిన పేరు 'బాడర్-మైన్‌హోఫ్'. ఇది రాజకీయాన్ని ఇద్దరు వ్యక్తుల కథగా, ఒక స్త్రీ పురుషుల సాహసగాథగా కుదించింది. ఆ పేరు చివర ఏ మాట చేర్చాలన్నది మరొక వివాదం. ప్రభుత్వ ప్రకటనలు, సంప్రదాయవాద పత్రికలు 'ముఠా' అన్నాయి. ఉదారవాదులు, వామపక్షీయులు 'బృందం' అన్నారు. ఏ మాట వాడారన్న దాన్ని బట్టి మాట్లాడే వారి పక్షం నిర్ణయమయ్యేది.

ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, అభిధలో ఈ రెండు మాటలూ కొద్దిమంది మనుషుల కూడికనే సూచిస్తాయి. వ్యంజనలో మాత్రం ఒకటి నేరాన్ని, మరొకటి రాజకీయాన్ని ధ్వనింపజేస్తుంది. 'ముఠా', 'దళం' అనే మాటలకు గల తేడాను వార్తాపత్రికల్లో నిత్యం చూసే తెలుగు పాఠకునికి ఈ విషయాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. గమనించవలసిన విషయం ఒకటే. రెండు పక్షాలూ వాస్తవాన్ని పెంచి చూపాయి. బృందం తనను సైన్యమంది. పత్రికలు దానిని దేశాన్నే ముంచబోయే ప్రమాదమన్నాయి. శత్రువులిద్దరూ పరిమాణం విషయంలో ఏకీభవించారు.

ఈ శత్రుత్వానికి పూర్వచరిత్ర ఉంది. 1967 జూన్ 2న బెర్లిన్‌లో ఇరాన్ షా పర్యటనకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో బెన్నో ఓనెజోర్గ్ అనే విద్యార్థి పోలీసు కాల్పుల్లో మరణించాడు. 1968 ఏప్రిల్ 11న విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కెపై హత్యాయత్నం జరిగింది. విద్యార్థులపై ద్వేషాన్ని రెచ్చగొట్టాయంటూ ఆక్సెల్ ష్ప్రింగర్ యాజమాన్యంలోని పత్రికలను, ముఖ్యంగా లక్షల ప్రతులు అమ్ముడయ్యే 'బిల్డ్' దినపత్రికను, ఉద్యమకారులు బాధ్యులను చేశారు. ఆ విమర్శలో సత్యముంది. అయితే 1972 మే 19న హాంబుర్గ్‌లోని ష్ప్రింగర్ భవనంలో ఆర్.ఏ.ఎఫ్. పెట్టిన బాంబులకు గాయపడినది యజమాని కాదు. అక్కడ పనిచేస్తున్న ఉద్యోగులు. పత్రికపై విమర్శ అచ్చుయంత్రం దగ్గరి కార్మికునిపై దాడిగా మారిన ఆ రోజునే బృందం నైతిక పతనం ఆరంభమైందనవచ్చు. సంఖ్యాపరమైన క్షీణత ఆ తర్వాతి విషయం.

2. బోల్ జోక్యం - దాని మూల్యం

1971 డిసెంబరు 22న కైజర్స్‌లౌటర్న్ పట్టణంలో ఒక బ్యాంకు దోపిడీలో పోలీసు ఉద్యోగి హతుడయ్యాడు. దర్యాప్తు తేలకముందే మరునాటి 'బిల్డ్' ఆ హత్యను బాడర్-మైన్‌హోఫ్ ముఠాకు ఆపాదిస్తూ పతాకశీర్షిక పెట్టింది. 1972 జనవరిలో 'డెర్ ష్పీగెల్' వారపత్రికలో హైన్రిష్ బోల్ దీనిపై తీవ్రమైన వ్యాసం రాశాడు. రుజువు లేని ఆరోపణను వార్తగా అచ్చువేయటం నేరాన్ని ప్రేరేపించటమేనన్నది అతని వాదం. ఆరు కోట్ల జనాభా గల దేశానికి, వేళ్లపై లెక్కించదగిన ఆ కొద్దిమందికి మధ్య 'యుద్ధం' అనే మాటలోని అసంబద్ధతను అతడు ఎత్తిచూపాడు. మైన్‌హోఫ్‌కు న్యాయమైన విచారణ లభించే అవకాశం ఉండాలన్నాడు.

ఆ వ్యాసానికి పట్టిన గతి వ్యాసంలోని వాదానికే ఉదాహరణ. బోల్ పెట్టిన శీర్షికను పత్రిక సంపాదకులు మార్చారు. కొత్త శీర్షికలో మైన్‌హోఫ్‌ను కేవలం 'ఉల్రికె' అని పేర్కొన్నారు. ఇంటిపేరు లేకుండా పిలవటం జర్మన్ సమాజంలో ఆత్మీయతకు చిహ్నం. రచయిత వాడని ఆ ఒక్క సంబోధన అతడిని హంతకుల ఆప్తునిగా చిత్రించటానికి చాలింది. మరుసటి నెలల్లో అతనిపై పత్రికల్లో నిందలు వెల్లువెత్తాయి. 1972 జూన్‌లో అతని పల్లెటూరి ఇంట్లో పోలీసులు సోదా చేశారు. ఆ సంవత్సరమే అతనికి నోబెల్ బహుమానం లభించింది.

ఇక్కడ విమర్శకులు తరచు దాటవేసే అంశం ఒకటుంది. కైజర్స్‌లౌటర్న్ హత్యలో ఆర్.ఏ.ఎఫ్. ప్రమేయాన్ని తర్వాతి కాలంలో న్యాయస్థానం నిర్ధారించింది. అంటే 'బిల్డ్' ఊహ తప్పు కాదు. దీనితో బోల్ వాదం వీగిపోయిందా? వీగిపోలేదు. ఆరోపణ అబద్ధమని అతడు అనలేదు. ఆ రోజున రుజువు లేదన్నాడు. యాదృచ్ఛికంగా నిజమైన నింద కూడా చెప్పిన నాటికి నిందే. కానీ బోల్‌ను సమర్థించేవారు ఈ వాస్తవాన్ని దాచితే వారూ 'బిల్డ్' మార్గంలోనే నడిచినవారవుతారు.

3. కతరీనా బ్లూమ్: మాట కోసం పెనుగులాట

1974లో 'డెర్ ష్పీగెల్'లో ధారావాహికగా, తర్వాత పుస్తకంగా వెలువడిన 'కతరీనా బ్లూమ్ కోల్పోయిన గౌరవం' అనే నవలికను బోల్ ఈ అనుభవం నేపథ్యంలో రాశాడు. కథ 1974 ఫిబ్రవరిలో, కార్నివాల్ పండుగ రోజుల్లో జరుగుతుంది. ఇంటిపనులు చేసి స్వశక్తితో జీవించే కతరీనా ఒక విందులో లుడ్విగ్ గెట్టెన్‌ను కలిసి ఒక రాత్రి ఆశ్రయమిస్తుంది. అతడు పోలీసులు వెదుకుతున్న వ్యక్తి. ఆ ఒక్క రాత్రి ఆధారంగా ఒక పత్రిక ఆమె జీవితాన్ని నాలుగు రోజుల్లో చెరిపివేస్తుంది. చివరకు ఆమె తనను వేటాడిన విలేకరి ట్యోట్గెస్‌ను కాల్చి చంపి, పోలీసులకు లొంగిపోతుంది.

నవలికలోని ఉత్తమ ఘట్టం హత్య కాదు. పోలీసు విచారణ. వాంగ్మూలంలో ప్రతి మాటా తాను చెప్పినట్లే ఉండాలని కతరీనా పట్టుబడుతుంది. యజమాని దంపతులు తన పట్ల చూపినది మామూలు మంచితనం కాదనీ, దానికి తగిన మాట వేరే ఉందనీ వాదిస్తుంది. పురుషులు చూపిన చొరవకు, ప్రేమపూర్వకమైన లాలనకు తేడా ఉందంటుంది. ఆ తేడాను అంగీకరించకపోతే సంతకం చేయనంటుంది. అందువల్ల విచారణ సాగిపోతుంది. ఎదుటి పక్షంలో ట్యోట్గెస్ ఉన్నాడు. ఆసుపత్రిలో మరణశయ్యపై ఉన్న ఆమె తల్లి మాటలను మార్చి అచ్చువేస్తాడు. సామాన్యులకు తమ భావాన్ని వ్యక్తం చేయటంలో తోడ్పడుతున్నానని సమర్థించుకొంటాడు. తెలివైనది, నిబ్బరం గలది అన్న అర్థంలో యజమాని చెప్పిన మాట, పత్రికలో ఆమెను కరుడుగట్టిన నేరగత్తెగా చూపే మాట అవుతుంది. శీర్షికలోని 'గౌరవం' అంటే ఇదే. తనను గురించిన మాటపై తనకు గల హక్కే గౌరవం.

బోల్ ఆ పత్రికకు పేరు పెట్టలేదు. జర్మన్‌లో పత్రిక అనే అర్థమిచ్చే సామాన్య పదాన్నే పూర్తిగా పెద్దక్షరాల్లో అచ్చువేయించాడు. సామాన్యనామం ఒక సంస్థగా, అధికారంగా మారిపోయింది. పెద్దక్షరాలు లేని తెలుగు లిపిలో ఈ ధ్వనిని ఎలా సాధించాలన్నది అనువాదకులు ఆలోచించవలసిన సమస్య. ముద్దక్షరాలు వాడితే ఒత్తి పలికినట్లుంటుందే గాని, ఆ పదం భయపెట్టదు.

ఈ నవలికపై ప్రధానమైన అభ్యంతరం హత్యను సమర్థిస్తోందన్నది. ఇందులో కొంత బలముంది. పాఠకుడు ట్యోట్గెస్ మరణానికి దుఃఖించే వీలును కథనం కల్పించదు. అతడు ఒక ప్రవృత్తికి ప్రతినిధిగా మిగిలాడే గాని మనిషిగా రూపొందలేదు. ఆర్.ఏ.ఎఫ్. ప్రకటనల్లో హతులు 'పాత్రధారులు'గానే కనిపించటాన్ని గుర్తుకు తెచ్చుకొంటే ఈ లోపం చిన్నది కాదు. అయితే కథకుడు ఎన్నుకొన్న నివేదిక శైలి ఈ అభ్యంతరానికి కొంతవరకు సమాధానమిస్తుంది. వాంగ్మూలాలను, విన్న మాటలను పోల్చి, ఏది ఎక్కడి నుండి వచ్చిందో చెబుతూ, గుంటల్లో నిలిచిన నీటిని కాలువలోకి మళ్లించినట్లు సమాచారాన్ని సమకూర్చే కథకుడు అతడు. పత్రిక చేయవలసిన పని ఏమిటో కథనరీతిలోనే చూపాడు. ఫోల్కర్ ష్లోన్‌డార్ఫ్, మార్గరెటె ఫన్ ట్రొట్టా 1975లో తీసిన చలనచిత్రం ఈ సంయమనాన్ని వదిలి, విలేకరి అంత్యక్రియల్లో పత్రికాధిపతి పత్రికాస్వేచ్ఛపై చేసే ఉపన్యాసంతో ముగుస్తుంది. అది పదునైన వ్యంగ్యమే. కానీ నవలికలోని సందిగ్ధత అక్కడ లేదు.

4. 1977: వార్తల వెల్లువ - వార్తల మౌనం

తొలి తరం నాయకులు 1972 జూన్‌లో పట్టుబడ్డారు. 1974 నవంబరు 9న నిరాహారదీక్షలో హోల్గర్ మైన్స్ మరణించాడు. చిక్కి శల్యమైన అతని శవం ఛాయాచిత్రం కొత్త తరాన్ని బృందంలోకి ఆకర్షించింది. సిద్ధాంత గ్రంథాలు చేయలేని పనిని ఒక చిత్రం చేసింది. 1976 మే 9న మైన్‌హోఫ్ ష్టామ్‌హైమ్ జైలు గదిలో మరణించింది. అప్పటి నుండి బృందం లక్ష్యం సమాజాన్ని మార్చటం కాక తన ఖైదీలను విడిపించుకోవటంగా కుదించుకుపోయింది.

1977 సెప్టెంబరు 5న కొలోన్‌లో పారిశ్రామికవేత్తల సంఘాల అధ్యక్షుడు హాన్స్-మార్టిన్ ష్లేయర్‌ను అపహరించారు. అతని కారు డ్రైవరును, ముగ్గురు పోలీసులను అక్కడికక్కడే చంపారు. పదకొండుమంది ఖైదీల విడుదలను కోరారు. బృందం గురుతుపలకతో కూర్చున్న బందీ ఛాయాచిత్రాలు, దృశ్యముద్రికలు వార్తాసంస్థలకు చేరాయి. వీటిని టెలివిజన్‌లో చూపాలన్నది అపహర్తల డిమాండ్లలో ఒకటి. శత్రువుగా ప్రకటించిన మాధ్యమమే వారికి అవసరమైన ఏకైక ఆయుధమని దీనివల్ల స్పష్టమవుతుంది. ప్రభుత్వం వార్తల నిలుపుదలను కోరింది. ప్రధాన పత్రికలు అంగీకరించాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్క సంఘటనకు పతాకశీర్షికలు పెట్టిన పత్రికలు అత్యంత తీవ్రమైన ఆరు వారాల్లో స్వచ్ఛందంగా సంయమనం పాటించాయి. ప్రాణరక్షణ దృష్ట్యా దీన్ని సమర్థించేవారున్నారు. స్వతంత్ర పత్రిక ప్రభుత్వ వ్యూహంలో భాగమైందని విమర్శించేవారున్నారు. 'టాగెస్‌ట్సైటుంగ్' వంటి ప్రత్యామ్నాయ దినపత్రిక ఆవిర్భావానికి ఈ మౌనంపై అసంతృప్తి ఒక కారణం.

అక్టోబరు 13న పాలస్తీనా సాయుధులు లుఫ్తాన్సా విమానం 'లాండ్స్‌హూట్'ను హైజాక్ చేశారు. దాని పైలట్ యుర్గెన్ షూమన్‌ను ఏడెన్‌లో చంపారు. 18వ తేదీ తొలి గడియల్లో మొగదిషులో జర్మన్ కమెండోలు ప్రయాణికులను విడిపించారు. ఆ రాత్రే ష్టామ్‌హైమ్‌లో బాడర్, గుడ్రున్ ఎన్స్‌లిన్, యాన్-కార్ల్ రాస్పె మరణించారు. అధికార విచారణ ఆత్మహత్యలుగా తేల్చింది. మరునాడు ష్లేయర్ మృతదేహం ఫ్రాన్సులోని మ్యూలూజ్‌లో దొరికింది.

'శరత్కాలంలో జర్మనీ' అనే సామూహిక చలనచిత్రం 1978లో ఈ రోజులపై వెలువడింది. అలెగ్జాండర్ క్లూగె, రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ తదితరులు ఇందులో పాల్గొన్నారు. బోల్ రాసిన ఒక ఘట్టంలో, సోఫోక్లీస్ 'ఆంటిగొనె' ప్రసారం ప్రస్తుత పరిస్థితుల్లో ఉచితం కాదని టెలివిజన్ సంఘం వాయిదా వేస్తుంది. సోదరుని ఖననం కోసం రాజాజ్ఞను ధిక్కరించిన యువతి కథ రెండువేల ఏళ్ల తర్వాత కూడా కార్యాలయంలో అలజడి పుట్టించటం హాస్యాస్పదం. చిత్రం చివర నిజమైన ఖననం ఉంది. ష్టుట్‌గార్ట్ మేయర్ మాన్‌ఫ్రెడ్ రోమెల్, తన సొంత పార్టీవారి అభ్యంతరాలను కాదని, మరణించిన ముగ్గురినీ నగర శ్మశానంలో కలిపి పూడ్చటానికి అనుమతించాడు. శత్రుత్వం మరణంతో ముగియాలన్నది అతని వైఖరి. 1977లో మాటల ద్వారా జరిగిన అత్యంత గౌరవప్రదమైన చర్యల్లో ఇది ఒకటి.

5. వార్తావిలువ క్షీణించిన దశ

1981లో ఫన్ ట్రొట్టా తీసిన 'సీసపు కాలం' వెనిస్ ఉత్సవంలో అత్యున్నత బహుమానం పొందింది. ఎన్స్‌లిన్ సోదరీమణుల జీవితం దీనికి ఆధారం. అజ్ఞాతంలోకి వెళ్లి జైలులో మరణించిన చెల్లెలి కేసుపై అక్క ఏళ్ల తరబడి ఆధారాలు సేకరిస్తుంది. చివరకు ఒక పత్రికను సంప్రదిస్తే ఆ విషయం పాతబడిపోయిందన్న సమాధానం వస్తుంది. ఆర్.ఏ.ఎఫ్. క్షీణతకు ఇంతకంటె సరైన నిర్వచనం కష్టం. నిజం తేలలేదు. అయినా వార్త ముగిసింది.

1982 నవంబరులో రెండవ తరం నాయకులు బ్రిగిట్టె మోన్‌హౌప్ట్, క్రిస్టియాన్ క్లార్ ఆయుధాలు దాచిన స్థలాల వద్ద అరెస్టయ్యారు. మూడవ తరం హత్యలు కొనసాగించింది. 1985 ఆగస్టులో అమెరికా వైమానిక స్థావరంలో ప్రవేశించటానికి ఒక గుర్తింపుకార్డు కావలసి, దాని కోసం ఎడ్వర్డ్ పిమెంటల్ అనే యువ సైనికుణ్ణి చంపారు. దీన్ని వామపక్ష సానుభూతిపరులే ఖండించారు. 1989 నవంబరు 30న బ్యాంకు అధిపతి ఆల్‌ఫ్రెడ్ హెర్‌హౌజెన్, 1991 ఏప్రిల్ 1న డెట్లెఫ్ రోవెడ్డర్ హతులయ్యారు. బెర్లిన్ గోడ కూలిన మూడు వారాలకే జరిగిన హెర్‌హౌజెన్ హత్య, ప్రపంచం మారిపోయిందన్న సంగతిని బృందం గ్రహించలేదనటానికి నిదర్శనం. 1990లో తూర్పు జర్మనీలో మారుపేర్లతో సాధారణ జీవితం గడుపుతున్న పదిమంది మాజీ సభ్యులు పట్టుబడ్డారు. వీరులనో రాక్షసులనో చెప్పుకొన్న వారు ఇరుగుపొరుగుతో కలిసి ఉద్యోగాలు చేసుకొంటున్న సామాన్యులుగా కనిపించారు. పత్రికలు నిర్మించిన ప్రతిమకూ, బృందం నిర్మించుకొన్న ప్రతిమకూ అదే ముగింపు.

1992 ఏప్రిల్‌లో బృందం హత్యలను విరమిస్తున్నట్లు ప్రకటించింది. 1993 జూన్ 27న బాడ్ క్లైనెన్ రైల్వేస్టేషన్‌లో జరిగిన అరెస్టు ప్రయత్నంలో వోల్ఫ్‌గాంగ్ గ్రామ్స్, కమెండో మిఖాయెల్ నెవ్‌ట్సెల్లా మరణించారు. నేలపై పడివున్న గ్రామ్స్‌ను దగ్గరి నుండి కాల్చి చంపారని 'డెర్ ష్పీగెల్', ఒక టెలివిజన్ కార్యక్రమం ప్రకటించాయి. హోంమంత్రి రూడొల్ఫ్ జైటర్స్ రాజీనామా చేశాడు. విచారణ గ్రామ్స్ తనను తాను కాల్చుకొన్నాడని నిర్ధారించింది. 2020లో 'డెర్ ష్పీగెల్' తన నాటి కథనం లోపభూయిష్ఠమని అంగీకరించింది. 1971లో రుజువుకు ముందే తీర్పు చెప్పినది సంప్రదాయవాద పత్రిక. 1993లో అదే పని చేసినది బోల్ వ్యాసాన్ని ప్రచురించిన ఉదారవాద పత్రిక. కాబట్టి బోల్ విమర్శ ఒక యాజమాన్యానికి పరిమితమైనది కాదు. తొందరపాటు ఏ పక్షానికీ సొంతం కాదు.

1998 ఏప్రిల్ 20న వార్తాసంస్థ రాయిటర్స్‌కు ఎనిమిది పుటల ప్రకటన అందింది. బృందం తన చరిత్ర ముగిసిందని తెలిపింది. సాయుధచర్యతో పాటు సామాజిక సంస్థను నిర్మించకపోవటం తప్పిదమని ఒప్పుకొంది. మరణించిన తన సహచరుల పేర్లను స్మరించింది. తన చేతుల్లో మరణించిన ముప్పైకి పైగా మనుషుల పేర్లను స్మరించలేదు.

6. మసకబారిన చిత్రం - మాటకై అభ్యర్థన

గెర్‌హార్డ్ రిష్టర్ 1988లో గీసిన 'అక్టోబరు 18, 1977' అనే పదిహేను చిత్రాల వరుస పత్రికల్లోని, పోలీసు దస్త్రాల్లోని ఛాయాచిత్రాలపై ఆధారపడింది. వాటిని బూడిద వర్ణంలో గీసి, తడి రంగును చెదిరించి మసకబరిచాడు. అలవాటైన చిత్రం అందక జారిపోతుంది. పత్రికాచిత్రం ఒక్క చూపులో తీర్పు చెప్పిస్తే, ఈ చిత్రాలు తీర్పును ఆలస్యం చేస్తాయి. కానీ వీటిలోనూ హతులు లేరు. ఆంద్రెస్ ఫైయెల్ 2001లో తీసిన 'బ్లాక్ బాక్స్ బి.ఆర్.డి.' అనే డాక్యుమెంటరీ హెర్‌హౌజెన్, గ్రామ్స్ జీవితాలను పక్కపక్కన నిలిపి ఆ లోటును పూరించే ప్రయత్నం చేసింది.

హెర్‌హౌజెన్‌ను ఆత్మీయునిగా ఎరిగిన పత్రికారచయిత్రి కరోలీన్ ఎమ్‌కె 2008లో 'మూగ హింస' అనే పుస్తకం వెలువరించింది. ఆమె కోరినది కఠినశిక్ష కాదు. ఎవరు, ఎందుకు చంపారో చెప్పమంది. మూడవ తరం చేసిన అనేక హత్యల్లో హంతకులెవరో నేటికీ తేలలేదు. 2024 ఫిబ్రవరిలో మూడు దశాబ్దాల అజ్ఞాతం తర్వాత డానియేలా క్లెట్టె బెర్లిన్‌లో అరెస్టయినప్పుడు ఈ ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. ఎమ్‌కె దృష్టిలో హింసకు రెండు దశలున్నాయి. మొదటిది కాల్పు. రెండవది దాని తర్వాత కొనసాగే మౌనం.

ఉపసంహారం

రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ ఓటమిని పోలీసు విజయంగా మాత్రమే చదవటం అసమగ్రం. మాటను వదిలి ఆయుధం పట్టిన బృందం, తన అర్థాన్ని చెప్పే పనిని తాను ద్వేషించిన పత్రికలకే అప్పగించింది. పత్రికలు దానిని పెద్దది చేసి చూపినంతకాలం అది బతికింది. అవి విసిగిపోయినప్పుడు ప్రకటనలే మిగిలాయి. బోల్ రచన నిలిచినది బృందాన్ని సమర్థించినందుకు కాదు. అతడు సమర్థించలేదు. నిందితురాలికైనా తన మాటపై హక్కుందని చెప్పినందుకు నిలిచింది. ఎమ్‌కె అదే సూత్రాన్ని ఎదుటివైపు నుండి చెప్పింది. హతుని ఆప్తులకు హంతకుని మాట వినే హక్కుంది. ఈ రెండు హక్కులనూ ఒకేసారి గుర్తించగల పత్రికాభాష ఆనాడు జర్మనీలో అరుదు. దాని లోటును సాహిత్యం పూర్తిగా తీర్చలేదు. కానీ లోటు ఎక్కడుందో చూపింది. పత్రికల్లో ఒక పేరు పక్కన 'ముఠా' అనో 'బృందం' అనో కనిపించినప్పుడు, ఆ మాట రుజువు తర్వాత వచ్చిందా, ముందే వచ్చిందా అని అడగటం పాఠకుని కనీసధర్మం.